మాప్ అప్: తుడిస్తే అయిపోయినట్టేనా?

మన ఫ్రేజల్ వర్బ్స్ సిరీస్‌లో ఇవాళ్టి మాట ‘మాప్ అప్’. ఎం, ఓ, పి మాప్. యు, పి అప్.

ఈ మాట చెప్పగానే చాలామంది, “ఇందులో ఏముంది, మాప్ అంటే ఇల్లు తుడిచే కర్ర, మాప్ అప్ అంటే తుడవడం” అనేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే అనేశాను. అలా అనేసినందుకు మా చెల్లికి ఒక సంవత్సరం పోయింది. ముందు ఆ సంగతి చెప్తాను, తర్వాత అర్థాల్లోకి వెళ్దాం.

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. బ్యాంకు మెసేజ్ వచ్చినా, గ్యాస్ బుక్కు మీద ఏదైనా రాసున్నా, మందు సీసా మీద అక్షరాలైనా సరే, “పెద్దోడికి చూపించండి” అనేవాళ్ళు. చెల్లి ఇంటర్ బైపీసీ చదివింది. బీఎస్సీ నర్సింగ్ చెయ్యాలని దాని కోరిక. కౌన్సెలింగ్‌లో మొదటి విడత వెబ్ ఆప్షన్లు పెట్టింది, సీటు రాలేదు. రెండో విడత కూడా పెట్టింది, అప్పుడూ రాలేదు. తర్వాత ఒకరోజు రాత్రి ఫోన్ పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

“అన్నయ్యా, వెబ్‌సైట్‌లో కొత్త నోటిఫికేషన్ పెట్టారు. మాప్ అప్ ఫేజ్ అని ఉంది. అంటే ఏంటి?”

నేను అన్నం తింటున్నాను. ఫోన్ వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. “మాప్ అంటే తుడవడం కదే. తుడిచిపెట్టేస్తున్నారన్నమాట. సీట్లు అయిపోయాయి, క్లోజ్ చేస్తున్నారు” అన్నాను. ఎంత ధీమాగా చెప్పానంటే, అది ఇంకో మాట అడగలేదు. వెళ్ళి పడుకుంది.

తర్వాత డిగ్రీ కాలేజీలో చేరింది. ఓ నెల గడిచాక బస్టాండులో దాని ఇంటర్ క్లాస్‌మేట్ ఎదురైంది. మార్కులు మా చెల్లికంటే తక్కువే. “నాకు మాప్ అప్‌లో వచ్చిందే సీటు. నువ్వెందుకు ఆప్షన్లు పెట్టలేదు?” అని అడిగిందట ఆ అమ్మాయి. ఆ రోజు చెల్లి ఇంటికొచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “అన్నయ్యా, మాప్ అప్ అంటే అయిపోవడం కాదంట” అంది, అంతే. తిట్టినా బాగుండేది అనిపించింది నాకు.

ఆప్షన్లు పెట్టుంటే సీటు తప్పకుండా వచ్చేదని నేను చెప్పలేను. కానీ పెట్టే అవకాశమే లేకుండా చేసింది మాత్రం నేను చెప్పిన అర్థమే. అందుకే ఈ ఎపిసోడ్. సరే, ఇక మాటలోకి వెళ్దాం.

మొదటి అర్థం అందరికీ తెలిసిందే. కింద పడిన నీళ్ళనో, పాలనో, నూనెనో గుడ్డతోగానీ మాప్‌తోగానీ పీల్చి తీసేయడం. కానీ ఇక్కడే ఒక చిన్న మెలిక ఉంది. ‘మాప్’ వేరు, ‘మాప్ అప్’ వేరు.

‘ఐ మాప్డ్ ద ఫ్లోర్’ అంటే నేల తుడిచాను అని. ‘ఐ మాప్డ్ అప్ ద వాటర్’ అంటే నీళ్ళు తుడిచేశాను అని. తేడా పట్టుకున్నారా? మాప్ తర్వాత సాధారణంగా చోటు పేరు వస్తుంది. నేల, వంటగది, వరండా లాంటివి. మాప్ అప్ తర్వాత ఎక్కువగా ఆ చోట పడి ఉన్న వస్తువు పేరు వస్తుంది. నీళ్ళు, టీ, పాలు లాంటివి. తుడిచాక నేల అక్కడే ఉంటుంది, నీళ్ళు మాత్రం ఉండవు.

మరి ఈ ‘అప్’ ఏం చేస్తోంది? అప్ అంటే పైకి అని స్కూల్లో చదువుకున్నాం. ఇక్కడ ఆ అర్థం పెట్టుకుంటే పని జరగదు. దీనికి మన తెలుగులోనే మంచి దారి ఉంది. ‘తుడిచాను’కీ ‘తుడిచేశాను’కీ తేడా ఏమిటి? ‘తిన్నాను’కీ ‘తినేశాను’కీ? తిన్నాను అంటే రెండు ముద్దలు తిన్నా తిన్నట్టే. తినేశాను అంటే ప్లేటు ఖాళీ. మనం క్రియ చివర తగిలించే ఈ ‘ఏయ్’ ఉంది చూశారూ, ఇంగ్లీషులో ‘అప్’ చాలాచోట్ల అదే పని చేస్తుంది. ‘ఈట్ అప్’ అంటే తినేయ్. ‘డ్రింక్ అప్’ అంటే తాగేయ్. ‘యూజ్ అప్’ అంటే అయిపోయేదాకా వాడేయ్. ‘మాప్ అప్’ అంటే చుక్క మిగలకుండా తుడిచేయ్. ప్రతి ‘అప్’కీ ఇది వర్తించదు, ‘గెట్ అప్’ అంటే లేవడమే. కానీ పని పూర్తి కావడం గురించి చెప్పే మాటల్లో ఈ లెక్క బాగా పనికొస్తుంది.

ఈ మొదటి అర్థానికే ఒక రుచికరమైన కొనసాగింపు ఉంది. పూరీ తింటున్నారు. కూర అయిపోవచ్చింది, ప్లేటు అంచుల్లో కొంచెం మిగిలింది. చివరి పూరీ ముక్కతో ప్లేటంతా ఇలా తిప్పి, అద్దుకొని నోట్లో పెట్టుకుంటాం కదా. అదీ మాప్ అప్పే. ‘షి మాప్డ్ అప్ ద గ్రేవీ విత్ హర్ చపాతీ’ అనొచ్చు. ఇంగ్లీషువాళ్ళు బ్రెడ్డు ముక్కతో చేస్తారు, మనం పూరీ ముక్కతోనో ఇడ్లీ ముక్కతోనో చేస్తాం. మాట ఒకటే.

ఇప్పుడు ఈ రెండు ఉదాహరణలనీ పక్కపక్కన పెట్టి చూడండి. పూరీలో అసలు భోజనం అయిపోయింది. మిగిలిన కొంచెం ఉంది. దాన్ని వదలకుండా పూర్తి చేస్తున్నాం. ఇదే మాప్ అప్‌కి రెండో అర్థం. ముఖ్యమైన పని చాలావరకూ అయ్యాక, మిగిలిపోయినవాటిని ఒక్కొక్కటిగా చూసి ముగించడం.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. ‘ముగించడం’ అన్న ఒక్క ముక్కే పట్టుకున్నాను. ‘మిగిలిపోయినవాటిని’ అన్న ముక్క వదిలేశాను. మిగిలినవి ఉంటేనే మాప్ అప్ ఉంటుంది. ఏమీ మిగలకపోతే తుడవడానికేముంది? కాబట్టి నోటీసులో ‘మాప్ అప్’ అని కనిపిస్తే, అయిపోయింది అని కాదు, ఇంకా ఉంది అని అర్థం.

కౌన్సెలింగ్ సంగతే తీసుకోండి. మొదటి విడతలో సీట్లు ఇస్తారు. కొందరు వేరే కాలేజీలో, వేరే కోర్సులో చేరిపోతారు. కొందరు ఫీజు కట్టరు. కొందరు రిపోర్ట్ చెయ్యరు. ఆ సీట్లు వెనక్కి వస్తాయి. రెండో విడత తర్వాత కూడా ఇలాగే కొన్ని మిగులుతాయి. అలా మిగిలిన సీట్లను నింపడానికి పెట్టేదే మాప్ అప్ రౌండ్. దీని తర్వాత కూడా మిగిలితే ‘స్ట్రే వేకెన్సీ’ రౌండ్ అంటారు. స్ట్రే అంటే గుంపులోంచి తప్పిపోయి విడిగా తిరుగుతున్నది అని. అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన సీట్లు అన్నమాట. మెడికల్ ఆలిండియా కోటాలో ఒకప్పుడు మాప్ అప్ రౌండ్ అన్నదాన్నే ఇప్పుడు రౌండ్ త్రీ అంటున్నారు. కొన్ని నోటిఫికేషన్లలో పాత పేరు ఇంకా కనిపిస్తుంది. ఏ పేరు పెట్టినా ఎవరు అర్హులు, మళ్ళీ ఆప్షన్లు పెట్టాలా, చేరకపోతే డిపాజిట్ పోతుందా అన్న రూల్స్ ఆ రౌండుకి, ఆ ఏడాదికి వేరుగా ఉంటాయి. అవి నోటిఫికేషన్‌లోనే చదవాలి. నాలాంటి అన్నయ్యని అడిగి ఊరుకోకండి.

ఈ ‘మిగిలినవి’ అన్న భావం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో మూడు చోట్లకి తీసుకెళ్తాను. మొదటిది యుద్ధం.

వార్తల్లో ‘మాపింగ్ అప్ ఆపరేషన్’ అని వింటుంటాం. మొదటి ప్రపంచ యుద్ధంలో, అంటే 1914 నుంచి 1918 మధ్య, ఫ్రాన్స్‌లో సైనికులు కందకాలు తవ్వుకొని ఎదురెదురుగా పోరాడారు కదా. ఒక వరస సైనికులు దూసుకెళ్ళి శత్రువు కందకం దాటి ముందుకి పోతారు. గెలిచాం అనుకుంటారు. కానీ నేల లోపల లోతైన గుహల్లాంటి గదుల్లో శత్రు సైనికులు కొందరు దాక్కొని మిగిలిపోతారు. వీళ్ళు దాటి వెళ్ళాక వాళ్ళు బయటికొచ్చి వెనకనుంచి కాలుస్తారు. ఇలా జరగకుండా మొదటి వరస వెనకాలే ఇంకొందరిని పంపేవాళ్ళు. కందకం ఆగి ఆగి వెతికి, దాక్కున్నవాళ్ళని పట్టుకోవడమో చంపడమో వాళ్ళ పని. బ్రిటిష్ సైన్యంలో వాళ్ళకి పెట్టిన పేరే ‘మాపర్స్ అప్’. తుడిచేవాళ్ళు.

మన పేపర్లలో కూంబింగ్ అన్న మాట చూస్తాం కదా, అది కొంచెం వేరు. దువ్వెనతో దువ్వినట్టు ఒక ప్రాంతమంతా వెతకడం కూంబింగ్. అసలు పోరాటం అయ్యాక మిగిలినవాళ్ళ పని పట్టడం మాపింగ్ అప్. ఇంకో సంగతి. తుడిచేయడం అన్న మాట వింటే నీళ్ళో దుమ్మో గుర్తొస్తాయి. యుద్ధంలో తుడిచేసేది మనుషుల్ని. మాట మెత్తగా ఉంది కదా అని దాని వెనకున్నది మర్చిపోకూడదు. అందుకని మీ మాటల్లో, మీ రాతల్లో మనుషుల విషయంలో ఈ మాట ఊరికే వాడకండి.

రెండో చోటు క్రికెట్. బ్యాటింగ్‌లో చివరన వచ్చే బౌలర్లని ‘టెయిల్’ అంటారు, తోక అని. ‘హి మాప్డ్ అప్ ద టెయిల్’ అంటే మిగిలిన చివరి వికెట్లన్నీ తీసేశాడు అని. ఇందులో సాధారణంగా, పెద్దగా కష్టపడకుండా ముగించాడన్న ధ్వని ఉంటుంది.

కానీ మిగిలింది కొంచెమే అయినంత మాత్రాన తేలిక అనుకోకూడదు. 2025 ఆగస్టు 4 గుర్తుందా? లండన్ ఓవల్‌లో ఇంగ్లండ్‌తో ఐదో టెస్టు, ఐదో రోజు. ఇంగ్లండ్ లక్ష్యం 374. ఆ ఉదయం వాళ్ళు 6 వికెట్లకి 339 మీద ఉన్నారు. వాళ్ళకి కావాల్సింది 35 పరుగులు, మనకి కావాల్సింది 4 వికెట్లు. మ్యాచ్ దాదాపు అయిపోయినట్టే, మిగిలింది కాస్తే. ఆ కాస్తలోనే మొత్తం సిరీస్ ఉంది. మన హైదరాబాదీ సిరాజ్ జేమీ స్మిత్‌ని, ఓవర్టన్‌ని పంపించాడు. ప్రసిద్ధ్ కృష్ణ టంగ్‌ని బౌల్డ్ చేశాడు. భుజం దెబ్బతిన్న వోక్స్ ఒక చెయ్యి స్వెటర్ లోపల కట్టుకొని క్రీజులోకి వచ్చాడు. చివరికి సిరాజ్ యార్కర్‌కి అట్కిన్సన్ వికెట్ ఎగిరిపోయింది. 6 పరుగుల తేడాతో గెలిచాం, సిరీస్ 2-2 అయింది. ఇక్కడ ‘సిరాజ్ మాప్డ్ అప్ ద టెయిల్’ అంటే గ్రామర్ తప్పు కాదు. కానీ ఆ మ్యాచ్ చూసినవాళ్ళెవరికీ ఆ మాట సరిపోదు, చాలా తేలిక చేసినట్టుంటుంది. ఎక్కడ వాడాలో తెలిస్తే చాలదు, ఎక్కడ వాడకూడదో కూడా తెలియాలి.

మూడో చోటు నాకు చాలా ఇష్టమైనది. ఆరోగ్య శాఖ.

మీరు ప్రభుత్వ బడిలో చదివుంటే నులిపురుగుల మాత్ర గుర్తుండే ఉంటుంది. ఆల్బెండజోల్, నమిలి మింగే మాత్ర. 2015 నుంచి దేశంలో నేషనల్ డీవార్మింగ్ డే జరుపుతున్నారు. మామూలుగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. 1 నుంచి 19 ఏళ్ళ వరకూ పిల్లలకి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఈ మాత్ర ఇస్తారు. అయితే ఆ రోజు బడికి రానివాళ్ళ సంగతేంటి? జ్వరంగా ఉండి మాత్ర వేసుకోనివాళ్ళ సంగతేంటి? వాళ్ళ కోసం కొద్ది రోజుల తర్వాత ఇంకో రోజు పెడతారు. ఆ రోజు పేరే ‘మాప్ అప్ డే’.

ఇక్కడ తుడిచేయడం ఎక్కడుంది? ఎక్కడా లేదు. మొదటి రోజు అందనివాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళడం ఉంది.

పోలియో చుక్కల సంగతీ అంతే. ఆదివారం బూత్‌లో వేస్తారు. తర్వాతి రోజుల్లో ఇంటింటికీ వస్తారు. పిల్లల చిటికెన వేలికి మార్కర్‌తో పెట్టిన గుర్తు చూస్తారు. గోడ మీదో తలుపు మీదో చాక్‌పీస్‌తో ఇంగ్లీషు పి అనో ఎక్స్ అనో రాసి వెళ్ళడం చిన్నప్పుడు చూసే ఉంటారు. పి అంటే ఆ ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడ్డాయి. ఎక్స్ అంటే ఇంకా పడాల్సినవాళ్ళున్నారు, ఇంటికి తాళం ఉంది, మళ్ళీ రావాలి. వైరస్ ఇంకా ఉందనుకున్న ప్రాంతాల్లో ఇలా గడప గడపకీ తిరిగి చేసే ప్రత్యేక విడతని పోలియో నిర్మూలన కార్యక్రమంలో ‘మాప్ అప్’ అనే అంటారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. బూత్‌కి వచ్చినవాళ్ళకి మాత్రమే వేసి ఊరుకుంటే ఆ రోజు వచ్చేది కాదు. ఎక్స్ రాసిన ఇంటికి మళ్ళీ వెళ్ళారు కాబట్టి వచ్చింది.

ఇక మూడో అర్థం, డబ్బు. ఇది బిజినెస్ వార్తలు చదివేవాళ్ళకి, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళకి తప్పనిసరి. ఇందులో మళ్ళీ రెండు రకాలు.

ఒకటి, ఎక్కువైన డబ్బుని పీల్చేయడం. నేల మీద నీళ్ళు ఎక్కువైతే గుడ్డతో పీలుస్తాం కదా, అలాగే బ్యాంకుల దగ్గర డబ్బు ఎక్కువైతే రిజర్వ్ బ్యాంక్ పీల్చేస్తుంది. 2023 మే 19న 2 వేల రూపాయల నోటుని చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నామని చెప్పారు. జనం ఆ నోట్లు తీసుకెళ్ళి బ్యాంకుల్లో వేశారు. బ్యాంకుల్లో డబ్బు పొంగిపోయింది. అప్పుడు ఆగస్టు 10న రిజర్వ్ బ్యాంక్, మే 19 నుంచి జూలై 28 మధ్య పెరిగిన డిపాజిట్లలో 10 శాతం అదనంగా మా దగ్గర ఉంచండి అని బ్యాంకులకి చెప్పింది. ఇలాంటప్పుడు హెడ్డింగ్ ఎలా ఉంటుందంటే, ‘ఆర్‌బీఐ టు మాప్ అప్ ఎక్సెస్ లిక్విడిటీ’. లిక్విడిటీ అంటే చేతిలో ఆడే డబ్బు. లిక్విడ్ అన్నారు కాబట్టి తుడిచే గుడ్డ కూడా వచ్చింది, చూశారా.

రెండోది, డబ్బు సేకరించడం. 2022 మేలో ఎల్ఐసీ షేర్లు మొదటిసారి జనానికి అమ్మినప్పుడు ప్రభుత్వానికి 20 వేల 500 కోట్ల పైచిలుకు వచ్చింది. దాన్ని ‘మాప్డ్ అప్’ అని రాయొచ్చు. జీఎస్టీ వసూళ్ళని ‘జీఎస్టీ మాప్ అప్’ అంటారు. 2025 ఏప్రిల్‌లో జీఎస్టీ మొత్తం వసూలు దాదాపు 2 లక్షల 37 వేల కోట్లు. ఇక్కడ మిగిలినవి అన్న అర్థం లేదు. అక్కడక్కడా ఉన్నదాన్ని గుడ్డ పీల్చినట్టు ఒకచోటికి లాక్కోవడం అన్న అర్థమే ఉంది. ఈ వాడకం మన ఇండియన్ ఇంగ్లీష్ పేపర్లలో బాగా కనిపిస్తుంది. ‘మాప్ అప్’ చూడగానే జీఎస్టీ తగ్గిందని, తుడిచిపెట్టుకుపోయిందని అనుకుంటే మళ్ళీ నా కథే.

ఇప్పుడు త్వరగా గ్రామర్. నాలుగే నాలుగు ముక్కలు.

ఒకటి. ఈ క్రియని విడదీయొచ్చు. ‘మాప్ అప్ ద మిల్క్’ అన్నా ‘మాప్ ద మిల్క్ అప్’ అన్నా రెండూ కరెక్టే. కానీ ‘ఇట్’, ‘దెమ్’ లాంటి మాటలు మాత్రం మధ్యలోనే రావాలి. ‘మాప్ ఇట్ అప్’ సరైనది. ‘మాప్ అప్ ఇట్’ తప్పు.

రెండు. మాట్లాడేటప్పుడు మాప్, అప్ అని విడివిడిగా పలకరు. కలిపేసి ‘మాపప్’ అన్నట్టు వినిపిస్తుంది. గతంలో చెప్పేటప్పుడు రాసేది ‘డ్’ అయినా పలికేది ‘ట్’. మాప్ట్ అప్. కలిపితే ‘మాప్టప్’.

మూడు. పేరుగానో విశేషణంగానో వాడితే చాలాసార్లు మధ్యలో గీత పెడతారు. మాప్-అప్ డే, మాప్-అప్ రౌండ్. క్రియగా వాడినప్పుడు గీత ఉండదు.

నాలుగు, స్పెల్లింగ్. మాప్డ్, మాపింగ్ రాసేటప్పుడు రెండు ‘పి’లు రావాలి. ఒక్క ‘పి’ రాస్తే అది ‘మోపింగ్’ అవుతుంది. దానర్థం మొహం వేలాడేసుకొని, దిగులుగా కూర్చోవడం. ‘ఐ వాజ్ మాపింగ్’ అంటే తుడుస్తున్నాను. ‘ఐ వాజ్ మోపింగ్’ అంటే మూల కూర్చొని బాధపడుతున్నాను. ఆ సంవత్సరం మా ఇంట్లో నేను చేసింది ఈ రెండోదే.

దీనికి చుట్టాలైన మాటలు కూడా ఉన్నాయి, కలిపేసుకోకండి. ‘క్లీన్ అప్’ అంటే చిందరవందరగా ఉన్న చోటుని మొత్తం శుభ్రం చెయ్యడం. ‘వైప్ అవుట్’ అంటే ఆనవాలు లేకుండా నాశనం చెయ్యడం. ‘ర్యాప్ అప్’ అంటే మీటింగునో షూటింగునో ముగించడం. నేను చెల్లికి చెప్పిన అర్థం నిజానికి వైప్ అవుట్‌దీ ర్యాప్ అప్‌దీ కలిపి వండిన కిచిడీ.

ఇప్పుడు మీకు చిన్న టెస్ట్. మూడు వాక్యాలు చెప్తాను, పాజ్ చేసి అర్థం ఆలోచించండి.

‘మోస్ట్ ఆఫ్ ద వర్క్ ఈజ్ డన్. ఐ జస్ట్ హ్యావ్ టు మాప్ అప్ ఎ ఫ్యూ థింగ్స్.’ 
‘టీ ఒలికింది, క్యాన్ యూ మాప్ ఇట్ అప్?’ 
‘ద కంపెనీ మాప్డ్ అప్ ఫైవ్ హండ్రెడ్ క్రోర్స్.’

అయిందా? మొదటిది, పని చాలావరకూ అయింది, చిన్న చిన్నవి మిగిలాయి, ముగించాలి అని. రెండోది అసలు తుడవడమే, కొంచెం తెలుగు కలిపాను, ఆఫీసుల్లో మనం మాట్లాడేది ఇలాగే కదా. మూడోది, కంపెనీ 500 కోట్లు సేకరించింది అని. మూడూ కరెక్ట్ చెప్పినవాళ్ళు కామెంట్‌లో మీ సొంత వాక్యం ఒకటి రాయండి. తప్పున్నా పర్వాలేదు, నేను చూసి చెప్తాను.

చివరిగా మా చెల్లి సంగతి. ఆ డిగ్రీ ఒక ఏడాది చదివి, మళ్ళీ నర్సింగ్‌కి అప్లై చేసింది. ఈసారి ప్రతి నోటిఫికేషనూ తనే చదివింది. తెలియని మాట కింద గీత గీసి, డిక్షనరీలో చూసి, అప్పుడు కూడా అనుమానం ఉంటే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగింది. నన్ను మాత్రం అడగలేదు. రెండో విడతలోనే సీటు వచ్చింది, మాప్ అప్ దాకా పోలేదు. ఇప్పుడు ఒక పల్లెలో సబ్ సెంటర్‌లో పనిచేస్తోంది.

మొన్న ఫిబ్రవరిలో ఒకరోజు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సాయంత్రం తనే చేసింది. “ఇవాళ మాప్ అప్ డే అన్నయ్యా. బడికి రాని పిల్లలు 11 మంది ఉన్నారు. ఇటుక బట్టీ దగ్గర ఉన్నారంటే అంత దూరం పోయి వేసొచ్చాం” అంది. ఒక్క క్షణం ఆగి, “మాప్ అప్ అంటే తెలుసుగా నీకు?” అని నవ్వింది.

తెలుసు. కొంచెం లేటుగా తెలిసింది.

మీ ఇంట్లో కూడా ఇంగ్లీషు చదివిపెట్టే మనిషి మీరే అయ్యుంటారు. చాలా ఇళ్ళల్లో ఈ ఫోన్ చూస్తున్నవాళ్ళే ఆ మనిషి. అమ్మ, తమ్ముడు, పక్కింటి పిన్ని, ఎవరో ఒకరు కాగితం తెచ్చి అడుగుతారు. అప్పుడు తెలియకపోతే “ఆగు, చూసి చెప్తా” అనండి. రెండు నిమిషాలు పడుతుంది, అంతే. ఈ ఏడాది కౌన్సెలింగ్ రాస్తున్నవాళ్ళు ఎవరైనా తెలిసుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ఫ్రేజల్ వర్బ్‌తో కలుద్దాం. ఉంటాను, నమస్తే.